ఇరవై గీతలు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. బువ్వ తినేటప్పుడు కూడా నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. అటువంటివాడికి దొరకాల్సిన ఉద్యోగమే నాకు దొరికింది. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. సేర్లూ మణుగులూ పోయి కిలోలూ గ్రాములూ వచ్చిన రోజులవి. అనంతపురం జిల్లా సంతలన్నీ తిరిగి, అంగళ్లలో త్రాసులు పట్టి చూసి, సరిగా ఉన్న రాళ్ల మీద సర్కారు ముద్ర కొట్టడం, దొంగ రాళ్లను సంచిలో వేసుకుని రావడం నా పని. నేను బస్సు దిగితే చాలు, శెనక్కాయల మండీల్లో గుసగుసలు మొదలయ్యేవి. "వచ్చినాడప్పా, ముద్దర్ల దయ్యం" అనేవాళ్లు. నాకు వినపడాలనే అనేవాళ్లు.

ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది. అంత పిచ్చి నాకు. ఏ పాత్ర కనబడినా కొలిచి చూడకుండా ఉండలేకపోయేవాణ్ని. పాలామె చెంబు కొలిచాను. కిరసనాయిలు అంగట్లో డబ్బా కొలిచాను. ఒకసారి మంగలి షాపులో నూనె సీసా మీద రాసినంత సరుకు లోపల లేదని గొడవ పెట్టుకుని, సగం గడ్డంతో బయటికి వచ్చేశాను.

ఈ చాదస్తాన్నంతా నవ్వుతూ భరించిన మనిషి లోకంలో ఒక్కతే, మా అక్క. మా అమ్మ నాకు జ్ఞాపకం లేదు. నేను పాకే వయసులోనే పోయిందట. నన్ను చంకనేసుకుని తిప్పిందీ, రాగిసంగటి ముద్దలు చేసి పెట్టిందీ, బడికి పోనని మొరాయిస్తే ఈడ్చుకుపోయిందీ అక్కే. నాయన కూడా పోయాక, నా అని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను పడ్డ కంగారు ఏమిటో మీకు తెలియాలి.

అక్కను ధర్మవరంలో ఇచ్చారు. బావ పట్టుచీరలు నేసేవాడు. మహా నెమ్మదస్తుడు. మగ్గం గుంటలో దిగి కూర్చుంటే ఆయనకు లోకం పట్టేది కాదు. నేను ఆ ఇంట్లో ఉన్నంతసేపూ కాలుగాలిన పిల్లిలాగా ఇటూ అటూ తిరుగుతుంటే, తల ఎత్తకుండానే, "కూచోవప్పా, నువ్వు తిరుగుతాంటే నా పోగులు అల్లాడతాండాయి" అనేవాడు. నేత గురించి ఆయన ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "అంతా పోగుల లెక్కప్పా. అంచుకు ఇన్ని పోగులంటే అన్నే. పట్టు రవ్వంత లావున్నా, సన్నమున్నా పువ్వు చెడదు. లెక్క తప్పితేనే చెడేది." చీరలో పువ్వు ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ ఒక ఎర్ర పట్టుపోగు గుర్తుగా కట్టుకునేవాడు.

అక్కకు చక్కెర జబ్బు పట్టింది. చూస్తుండగానే మనిషి పుల్లలాగా అయిపోయింది. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకోకపోతే బతకదని అనంతపురం డాక్టరు చెప్పినప్పుడు బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ధర్మవరంలో రోజూ ఇంటికొచ్చి సూది వేసేవాళ్లు ఎవరు? డాక్టరే బావకు నేర్పించాడు. తనకు తెలిసిన ఒక మిషన్ ఆసుపత్రి నుంచి గాజు సిరంజి కూడా ఇప్పించాడు. అమెరికా సరుకు. సన్నగా, ముద్దుగా, ఒళ్లంతా గీతలతో ఉండేది. ఇరవయ్యో గీత దాకా మందు ఎక్కించమన్నాడు. బావ సరిగ్గా ఆ గీత దగ్గర ఎర్ర పట్టుపోగు కట్టాడు. మగ్గం మీద ఎంత శ్రద్ధో సూది దగ్గరా అంతే శ్రద్ధ.

మందు సీసాను చల్లగా ఉంచాలి. మా ఎండల్లో అదొక పెద్ద పని. కొత్త కుండలో ఇసుక పోసి, తడిపి, అందులో సీసాను పూడ్చి, పైన తడిగుడ్డ కప్పేవాళ్లు. ఆ ఏడు వానల్లేక బావులు అడుగంటాయి. ఇంట్లో తాగడానికి ఉన్నా లేకపోయినా ఆ ఇసుకకు మాత్రం ముందు నీళ్లు పోయాల్సిందే. "నాకంటే దానికే దప్పిక ఎక్కువరా" అని అక్క నవ్వేది.

అట్లా బాగానే నడిచింది. అక్క మళ్లీ కండ పట్టింది. బావ పక్కన కూర్చుని జరీ కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఇంతలో ఒకరోజు, ఉడికించిన సిరంజిని నీళ్లలోంచి తీస్తుంటే, గొట్టంలోకి పోయే గాజు కడ్డీ చెయ్యి జారి బండ మీద పడి ముక్కలైంది. గొట్టం మిగిలింది గాని దానితో ఏం పని? అవి జతగా అరగదీసి చేసినవి, ఒకదాని కడ్డీ ఇంకోదాంట్లో పట్టదు. బావ ఆ పూటే బస్సెక్కి అనంతపురం వచ్చి, మందులంగట్లో ఇంకో సిరంజి కొనుక్కుని పోయాడు. ఇది ఇంగ్లండు సరుకు. ముందరిదాని కంటే కొంచెం లావు. ఇంటికి పోయి గీతలు లెక్కపెట్టుకున్నాడు. దాని మీద నలభై, దీని మీదా నలభై. పాత గొట్టం మీది పట్టుపోగు విప్పి, కొత్తదాని ఇరవయ్యో గీత దగ్గర కట్టాడు.

అప్పటినుంచి అక్క పడిపోవడం మొదలైంది.

సూది వేసుకున్న తర్వాత ఏదో ఒక వేళకు చెమటలు కారిపోయేవి. చేతులు వణికేవి. కండె చుట్టబోయి జరీ తెంచేసేది. ఒక ఆదివారం నేను పోయేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఎవరప్పా నువ్వు? యాడినుంచి వచ్చినావు?" అంది. ఆటపట్టిస్తోంది అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే ఆ కళ్లలో నవ్వు లేదు. నన్ను పెంచిన మనిషి నన్ను ఎవరని అడుగుతోంది!

ఇరుగుపొరుగు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు, దర్గాకు పోయి ఊదించుకుని రమ్మని ఒకరు, కరువులో తిండి చాలక అని ఇంకొకరు. అక్క మాత్రం ఏమీ చెప్పేది కాదు. ఆ వణుకు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి అటక మీది బెల్లం ముంత మీదికి పోయేది. ఎందుకో ఆమెకే తెలియదు. ఇంత ముక్క నోట్లో వేసుకుంటే ప్రాణం లేచి వచ్చేది. చక్కెర జబ్బు మనిషికి తీపి విషమని డాక్టరు చెప్పి ఉన్నాడు కదా, అందుకని దొంగతనంగా తినేది. బావ కనిపెట్టాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచాడు. "దినామూ సూదితో పొడుస్తాండా గదే నిన్ను! ఇట్ల బెల్లం తింటే యాడ బతుకుతావే నువ్వు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బెల్లం ముంత తీసుకుపోయి పక్కింట్లో దాచి వచ్చాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏ నేరమో చేసినట్టు ఒక మూల కూర్చుంది.

చివరికి బావ ఆమెను నేనుండే అనంతపురం తీసుకొచ్చాడు. బస్టాండు నుంచి నేనూ వెంట పోయాను. డాక్టరు అక్క మూత్రంలో నీలం మందు కలిపి గాజు నాళంలో కాచి చూశాడు. నీలం పోయి ఇటుక రంగుకు తిరిగింది. చక్కెర విపరీతంగా పోతోందని అర్థం. "తీపి ఏమైనా తింటున్నావా అమ్మా?" అని అడిగాడు. అక్క సిగ్గుతో తల అడ్డంగా ఊపింది. భార్య పరువు తీయడం ఇష్టంలేక బావ నేలచూపులు చూశాడు. ఆ పొద్దు బస్టాండులో ఆమె కొంగు ముడిలోంచి ఏదో తీసి నోట్లో వేసుకోవడం నేను చూశానని కూడా చెప్పాలి. శెనక్కాయలేమో అనుకున్నాను.

"మందు ఎన్ని వేస్తున్నావయ్యా?"

"ఇరవై సార్. ఒక్కటి గూడా తప్పనియ్యను."

"అయితే చాలడం లేదు. రేపటినుంచి ఇరవై నాలుగు వెయ్యి."

ఆ రాత్రికి ఇద్దరూ నా గదిలోనే ఉండిపోయారు.

తెల్లవారి నేను నల్లమాడ సంతకు పోవాలి. సంచి సర్ది పెట్టుకున్నాను. అందులో బంగారు అంగళ్ల కోసం వాడే సన్నపు త్రాసు కూడా ఉంది. బావ నా స్టవ్వు మీద సిరంజి ఉడికించి, పళ్లెంలో ఆరబెట్టి, పట్టుపోగును కొంచెం పైకి జరుపుతున్నాడు. ఆయన రేకు డబ్బాలో పాత గొట్టం కూడా కనబడింది.

"అదెందుకు బావా ఇంకా?"

"గాజుది గదప్పా. పారేసేకి చేతులు రాలేదు."

రెండూ చేతిలోకి తీసుకున్నాను. ఊరికే. నా చేతులు ఊరికే ఉండవు కదా. పక్కపక్కన పెట్టి చూశాను. గీతలు అన్నే ఉన్నాయి. గీతకూ గీతకూ మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే. కాని ఇది లావు, అది సన్నం. ఇన్నేళ్లూ నేను అంగళ్లలో వెతికిందే ఇది.

"బావా, ఇది లావుగా ఉంది!"

"లావుంటే ఏమప్పా? లెక్క సరిపోయింది గదా."

"అది పట్టు బావా, ఇది నీళ్లు! నీళ్లకు పోగులు ఉండవు!"

బావకు చిరాకేసింది. "సూదికి గూడా ముద్దరేస్తావా ఏమి? ఇయ్యి ఇట్ల. బస్సు పోతాది." అక్క అప్పటికే రవికె చెయ్యి పైకి మడుచుకుని కూర్చుంది. "వాణ్ని చూడనీలే, చూసేదాంకా వదల్డు. బిరీన కానీరా, నాకు ఆకలైతాంది" అంది.

సంచి విప్పి త్రాసు నిలబెట్టాను. ముల్లు ఒకపట్టాన కుదురుకోలేదు. రెండు తట్టల్లో రెండు సమానమైన గిన్నెలు పెట్టాను. కొవ్వొత్తి మైనంతో పాత గొట్టం మూతి మూసి, ఇరవయ్యో గీత దాకా నీళ్లు పోసి ఒక గిన్నెలో వంచాను. కొత్త సిరంజితో ఇరవయ్యో గీత దాకా నీళ్లు లాగి రెండో గిన్నెలో వదిలాను. రెండో తట్ట టక్కున కిందికి దిగిపోయింది. పాత గొట్టంలో మళ్లీ ఇరవై గీతలు నీళ్లు పోసి మొదటి గిన్నెలో కలిపాను. తట్టలు రెండూ సమంగా నిలిచాయి.

బావ త్రాసు వంక, నా వంక, అక్క వంక చూశాడు. "అంటే... దినామూ రెండంతలా?" అన్నాడు. ఇంకొంచెం సేపైతే ఇరవై నాలుగు గీతల మందు ఆమె ఒంట్లోకి పోయేది. నేను పది నిమిషాలు ముందు బస్సెక్కి ఉంటేనో!

ముగ్గురం డాక్టరు ఇంటికి పరుగెత్తాం. ఆయన రెండు గొట్టాలూ కిటికీ వెలుగులో పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"నేను ఇరవై అన్నాను, నువ్వు ఇరవై అన్నావు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మందు ఎక్కువైతే ఒంట్లో చక్కెర పడిపోయి ఆ చెమటలూ వణుకూ వస్తాయట, ఇంత తీపి పడితేనే మనిషి నిలుస్తుందట. ఇంగ్లండులో ఈ గీతలు పల్చటి మందును లెక్కలో పెట్టుకుని గీసినవట. అక్కడ చిక్కటి మందు వాడేవాళ్లు ఒక గీతను రెండుగా లెక్కవేసుకోవాలని వాళ్లకు నేర్పిస్తారట. అమెరికా వాళ్లు చిక్కటి మందుకే నేరుగా గీతలు గీశారట. మా అక్క వాడేది చిక్కటి మందే. ఏ దేశం సరుకును ఆ దేశం పరీక్ష చేసి, సరే అని ముద్ర వేసే పంపింది. రెండూ మద్రాసులో ఓడ దిగి, అనంతపురంలో ఒకే బీరువాలో పక్కపక్కన కూర్చున్నాయి. డాక్టరు తన బల్ల మీది వస్తువులు ఒక్కొక్కటే చూపించాడు. జ్వరం చూసే పుల్ల ఒకటి ఒక దేశపు లెక్కలో, ఇంకొకటి ఇంకో దేశపు లెక్కలో. రక్తపోటు చూసేది ఒక దేశానిది, సూదులు ఉడికించే పెట్టె మరో దేశానిది. "ఒక్కోటి ఒక్కో భాష మాట్లాడుతుంది. నాకే ఒక్కోసారి ఆగి ఆలోచించాల్సి వస్తుంది" అన్నాడు.

"మరి ఇక్కడ వీటినెవరు చూస్తారు సార్? ఎవరు ముద్ర వేస్తారు?" అని అడిగాను. గట్టిగానే అడిగాను.

"నువ్వే చెప్పు. ముద్రలు వేసే ఉద్యోగం నీదే కదా" అన్నాడు. వెటకారంగా అనలేదు. అందుకే నాకు ఇంకా మండింది.

నాకు తెలిసిన మోసం వేరు. రాయి అడుగున తొలిచి ఉంటుంది, తట్ట కింద చింతపండు అంటించి ఉంటుంది. పట్టుకుంటాను, వాడు కాళ్లా వేళ్లా పడతాడు, రాయి నా సంచిలోకి పోతుంది. ఇక్కడ దొంగ ఎవడు? రెండు సిరంజీలూ నా త్రాసు ముందు నిజాయితీగా నిలబడ్డాయి. అబద్ధం ఎక్కడా లేదు, నా అక్క చావు దాకా పోయి వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక డాక్టరు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను.

కాసేపటికి డాక్టరు కొత్త సిరంజిని బావ చేతికి ఇచ్చాడు. దానితోనే పది గీతలు వేయమన్నాడు. జిల్లాలో ఇంకో అమెరికాది దొరికే దాకా అదే గతి. బావ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టను సార్. నా చేత్తో నేనే చంపుతాంటి దాన్ని" అని పసిపిల్లవాడిలాగా ఏడ్చాడు. డాక్టరు తనే వేయబోతే అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆయప్ప ఏస్తేనే నాకు నొప్పి తెలీదు సార్" అంది. తర్వాత బావ వైపు తిరిగి, "దొంగతనంగా బెల్లం తిన్నది నేను, నువ్వెందుకు ఏడుస్తావు? ఎయ్యి" అంది. బావ వేశాడు. ఆమె రెప్ప కూడా ఆర్చలేదు.

అక్కడ నాకు కుదురు కలగాలి. కలగలేదు. వాళ్లను గదిలో కూర్చోబెట్టి మందులంగడికి పోయాను. అంగడాయన మంచివాడే. "నేను అమ్మింది దొంగ సరుకు కాదన్నా. చూడు, ఈడ దేశం పేరు అచ్చేసినారు" అన్నాడు. నేను అరిచినంతా అరిచాక, "ఇట్లాంటివి రెండే వచ్చినాయి. ఒకటి మీ బావకిచ్చినా. ఇంగొకటి కణేకల్ నుంచి ఒక ఆడమనిషి వచ్చి కొనుక్కోనిపోయింది. వాళ్ల నాయనకంట" అన్నాడు.

ఇంకొకటి ఉంది. ఇంకో ఇంట్లో ఇంకెవరో పొద్దున్నే దాన్ని ఉడికించి, గీతలు చూసుకుని, మందు ఎక్కిస్తున్నారు. నాకు కాళ్లు నిలవలేదు.

ఆఫీసుకు పోయి పై అధికారిని అడిగాను, ఆ సరుకును పట్టుకునే అధికారం మనకు ఉందా అని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మన చట్టంలో రాయి ఉంది, త్రాసు ఉంది, మీటరు బద్ద ఉంది, లీటరు పాత్ర ఉంది. సూది లేదు. నువ్వు నల్లమాడ పోలేదేం?" అన్నాడు. సెలవు కావాలన్నాను. ఎందుకన్నాడు. చెబితే నవ్వాడు. నేను సంచి భుజానేసుకుని, సంతకం కూడా పెట్టకుండా బయటికి వచ్చేశాను. ఈ మధ్య పేపర్లలో రాస్తున్నారు, ఒంటికి తగిలే ప్రతి పరికరాన్నీ పరీక్షించాలని, ఒక దేశంలో నెగ్గిన వస్తువు ఇంకో దేశంలో మళ్లీ నెగ్గాలని. చదివినప్పుడల్లా ఆ అధికారి కళ్లద్దాలు గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటాను.

కణేకల్ బస్సు కోసం ఉరవకొండ దాకా పోవాలి. అంతకుముందు రోజు అటువైపు ఎక్కడో నాలుగు చినుకులు పడ్డాయట. వాన పడితే వజ్రకరూరు చేలల్లో వజ్రాల రాళ్లు మెరుస్తాయి కదా, ఏరుకోవడానికి జనం పిల్లాజెల్లాతో సహా బస్సు నిండా ఎక్కారు. ప్రతి ఊళ్లోనూ ఆపి ఇంకా ఎక్కిస్తున్నాడు కండక్టరు. "మనిషి ప్రాణం మీదికొచ్చిందయ్యా, పోనీ!" అని నేను అరిస్తే, "అందరిదీ ప్రాణమేలేన్నా, జరుగు" అన్నాడు. నా పక్కన కూర్చున్న ఒకాయన నా సంచిలో త్రాసు చూసి, నడుము గుడ్డలోంచి ఒక గులకరాయి తీసి, "రవ్వంత తూచి చెప్పన్నా, ఇది వజ్రమేనా?" అన్నాడు. ఇంకో రోజైతే తూచేవాణ్నే. ఆ రోజు కసురుకున్నాను. ఉరవకొండలో బస్సు లేక ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద కూర్చున్నాను. ఎవరో తెలియని ముసలాయన గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నట్టే ఉంది నా కళ్లకు.

మర్నాడు కణేకల్‌లో దిగాను. మా కరువు నేలల నుంచి పోయినవాడికి ఆ కాలువ నీళ్లు, ఆ పచ్చటి మళ్లు చూస్తే కడుపు నిండాలి. నేను చూడనే లేదు. అంగడి అంగడికీ పోయి, చక్కెర జబ్బు ఉన్న పెద్దాయన ఇల్లు ఎక్కడని అడిగాను. మూడో చోట ఒకాయన చెయ్యెత్తి ఒక సందు చూపించాడు. ఏదో చెప్పబోయాడు కూడా. నేను ఆగలేదు.

వాకిట్లో ఒకామె వడ్లు ఎండబోస్తోంది. మా అక్క ఈడు మనిషి. సంచి చూసి ఎవరో ఆఫీసరని కొంగు సర్దుకుంది. "మా అక్కకు చక్కెర జబ్బమ్మా. అనంతపురం అంగట్లో మీరు సూది వేసే సిరంజి కొన్నారంట. దాని గురించి మాట్లాడాలని వచ్చాను" అన్నాను.

ఆమె చేతిలో వడ్లు అట్లాగే ఉండిపోయాయి.

"మా నాయనకు తెచ్చినాను సార్. నాయన పోయినాడు. నెల దాటింది."

అరుగు మీద కూర్చున్నాను. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. అడిగేవాళ్లు లేక ఎన్ని రోజులైందో పాపం. ముందు ఆసుపత్రి నర్సమ్మ ఇంటికొచ్చి సూది వేసి పోయేదట. ఆమెకు బదిలీ అయింది. పోయేముందు ఈమెకు నేర్పించి, తన సిరంజి మీద ఎన్ని గీతలు వేస్తోందో చూపించి, వేరే సిరంజి కొనుక్కోమని చెప్పి పోయిందట.

"నాకు సదువు రాదు గాని సార్, లెక్క తప్పే మనిషిని కాదు. ఆయమ్మ సూపించినట్టే, ఎలుతురుకు పెట్టి, ఒకటికి రెండుసార్లు ఎంచుకొని ఏసేదాన్ని. ఒక్క గీత గూడా అటూ ఇటూ పోనియ్యలేదు."

"నాయన... ఎట్లా పోయినాడమ్మా?"

"ఆ పొద్దు బాగానే ఉన్నాడు. సూది ఏసినాక, కాలవ గట్టు దాకా పోయొస్తానన్నాడు. ఒళ్లంతా సెమటలు పట్టి ఆడనే కూలబడినాడంట. మోసుకొచ్చినారు. నన్ను సూసి ఎవరమ్మా నువ్వు అన్నాడు సార్. అంతే. ఎండదెబ్బ అన్నారు అందరూ."

దారి పొడుగునా నేను చెప్పాల్సిన మాటలన్నీ పేర్చి పెట్టుకుని వచ్చాను. త్రాసు నిలబెట్టి, నీళ్లు పోసి, తట్టలు చూపించి, అర్థమయ్యేటట్టు చెప్పాలని. త్రాసు నా ఒళ్లోనే ఉంది. సంచి మూతి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

ఆమె నా మొహం చూసి భయపడింది. "ఏం సార్, అట్ల చూస్తాండారు? నేనేమన్నా తప్పు చేసినానా?"

"లేదమ్మా" అన్నాను. "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

ఆమె ఊపిరి వదిలి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయి, తెల్లటి గుడ్డలో చుట్టిన చిన్న డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. సిరంజి ఎక్కడా ఒక గీటు కూడా పడకుండా తళతళలాడుతోంది.

"మాకింగ దీంతో పనిలేదు సార్. మీ అక్కకు తీసుకోనిపోండి. దుడ్లేమీ వద్దు" అంది. నేను వీధిలోకి వచ్చాక మళ్లీ వాకిలి దాకా వచ్చి పిలిచింది.

"సార్! మీ అక్కకు చెప్పండి. ఒక్క గీత గూడా తప్పకుండా ఏసుకోమనండి."

"చెప్తానమ్మా" అన్నాను.